కుట్టు మిషను పునరావాసం

పాకీ పని మాన్పించాక ఆ ఆడవాళ్లకు ఏం చేశారని అడిగితే అధికారుల దగ్గర్నుంచి తరచుగా వచ్చే జవాబులు మూడు. కుట్టు మిషను, గేదె, కిరాణా బడ్డీ. ముప్ఫై ఏళ్లకు పైగా ‘పునరావాసం’ అనే మాట ఈ మూడింటి చుట్టూనే తిరుగుతోంది. పథకాల పేర్లు మారాయి. సబ్సిడీ పెరిగింది, స్టైపెండ్ పెరిగింది. ఆలోచన మాత్రం అదే: ఈమెకు వేరే పని రాదు, నేర్పిస్తే చేసుకుని బతుకుతుంది.

కొన్నేళ్ల కిందట ఉత్తరాంధ్రలో ఒక పట్టణంలో, రెల్లి పేటలో కూర్చున్నప్పుడు ఒక పెద్దావిడ తన మిషను చూపించింది. గోడవారగా, మీద పాత చీర కప్పి వుంది. ఎప్పుడిచ్చారమ్మా అని అడిగితే, ‘ఏ ఏడో నాకేటి తెలుసు బాబూ, అప్పటికే నాకు యాభై దాటిపోనాయి’ అంది. మరి కుట్టలేదా? ‘సూదిలో దారం నా మనవరాలు ఎక్కించాల. ఎక్కించినా నా సేత రవిక ఎవులు కుట్టించుకుంతారు? ఈ ఈదోళ్లందరూ నన్ను ఆళ్ల దొడ్లో తట్టతో సూసినోళ్లే గదా.’

సూది కనపడకపోవడం వయసుకు సంబంధించిన సంగతి. రవిక కుట్టించుకోకపోవడం కులానికి సంబంధించిన సంగతి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించిన పథకం ఒక్కటీ రాలేదన్నదే నా ఫిర్యాదు. వయసు గురించి మాట్లాడేవాళ్లకు కులం కనపడదు. కులం గురించి మాట్లాడే మనకు వయసు పెద్దగా పట్టలేదు. మన రాతల్లో దళిత స్త్రీ వుంది, దళిత యువత వుంది. ముప్ఫై ఏళ్లు పని చేసి నడుము పడిపోయిన యాభై అయిదేళ్ల దళిత కార్మికురాలు ఎక్కడ వుంది?

ముందు లెక్కలు చూద్దాం. 1992 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాకీవాళ్ల విముక్తి, పునరావాసాల జాతీయ పథకం మొదలుపెట్టింది. యాభై వేల రూపాయల దాకా ప్రాజెక్టు, అందులో సబ్సిడీ పదివేలకు మించదు, కొంత మార్జిన్ మనీ, మిగతాది బ్యాంకు అప్పు. అప్పట్లో గుర్తించింది సుమారు 7 లక్షల 70 వేల మందిని. పదేళ్లు గడిచి, 600 కోట్లకు పైగా ఖర్చయ్యాక కూడా పథకం అనుకున్నది సాధించలేదని 2003లో కాగ్ తేల్చింది. అందరూ ఆ 600 కోట్ల గురించే మాట్లాడతారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది, విముక్తికీ పునరావాసానికీ పొంతన లేదన్న కాగ్ పరిశీలన. అంటే పని మానిన మనిషి ఒకరు, సాయం అందుకున్న మనిషి ఇంకొకరు అయి వుండొచ్చు.

2007లో స్వయం ఉపాధి పథకం వచ్చింది. ఐదు లక్షల దాకా ప్రాజెక్టు, అయినా సబ్సిడీ ఇరవై వేలకు మించదు. ఏడాది దాకా శిక్షణ, నెలకు వెయ్యి రూపాయల స్టైపెండ్. ఈ విడతలో గుర్తించింది 1 లక్షా 18 వేల మందిని, అప్పులిచ్చింది దాదాపు 79 వేల మందికి. తర్వాత 2013 చట్టం, అంబేద్కర్ వర్ధంతి రోజున, డిసెంబరు 6న అమల్లోకి వచ్చింది. ఒక్కసారిగా చేతికి 40 వేల రూపాయలు, రెండేళ్ల దాకా శిక్షణ, నెలకు మూడు వేల స్టైపెండ్, ఇంటి స్థలం, పిల్లలకు స్కాలర్‌షిప్. ఈ విడతలో తేలిన సంఖ్య 58,098. వీళ్లలో కులం వివరాలు దొరికిన 43,797 మందిలో 42,594 మంది షెడ్యూల్డు కులాలవాళ్లేనని 2021 డిసెంబరులో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఇది కులవృత్తి కాదు, ఎవరైనా చేసే ‘పారిశుధ్య పని’ అనేవాళ్లు ఆ సంఖ్య ముందు కాసేపు కూర్చుంటే మంచిది.

7 లక్షల 70 వేలు, 1 లక్షా 18 వేలు, 58 వేలు. కాగితం మీద ఇది విజయంలా కనపడుతుంది. అయితే ఈ మెట్లు దిగుతూ వచ్చిన వాళ్లలో ఎంతమంది బతుకు మారి దిగారు, ఎంతమంది ముసలివాళ్లయి దిగారు, ఎంతమంది చచ్చిపోయి దిగారు అన్నది ఈ మొత్తాలను బట్టి చెప్పలేం. 40 వేలు మాత్రం మొత్తం 58 వేల మందికీ ముట్టాయని ప్రభుత్వం అంటుంది. వాళ్ల పిల్లల్ని కలుపుకున్నా శిక్షణ అందింది సగం కంటే తక్కువమందికే. అప్పు మీద సబ్సిడీ అందింది అంతకన్నా చాలా కొద్దిమందికి. అంటే జరిగిన పునరావాసంలో సింహభాగం ఆ 40 వేలే. పాతికేళ్లు పని చేసిన మనిషి అనుకుంటే ఏడాదికి పదహారు వందలు. గ్రాట్యుటీ అనడానికి కూడా సిగ్గేసే మొత్తం.

చట్టంలో ఒక మెలిక వుంది. శిక్షణ గానీ అప్పు గానీ ఆ పని చేసిన మనిషికి ఇవ్వొచ్చు, లేదంటే ఆ కుటుంబంలో పెద్దవాళ్లు ఒకరికి ఇవ్వొచ్చు. పైకి ఇది దయగల ఏర్పాటే. అమ్మకు చేతకాకపోతే కొడుక్కి ఇద్దాం. కొడుకు డ్రైవింగ్ నేర్చుకుంటాడు, కూతురు కంప్యూటర్ నేర్చుకుంటుంది, నేర్చుకోవాలి కూడా. కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ తట్ట మోసింది అమ్మ. ఉపాధి పోయింది అమ్మకు. ఆమెకు రావలసిన బాకీని కొడుకు భవిష్యత్తు ఖాతాలో జమ చేస్తే ఆమె ఖాతా మూసేసినట్టే. ఆ తర్వాత ఆమె కొడుకు దయ మీద, కోడలి దయ మీద బతకాలి. అంతకుముందు ఆమె సంపాదన ఎంత తక్కువదైనా, ఎంత అవమానకరమైనదైనా ఆమె చేతిలో వుండేది. ఈ మాట రాయడానికి చెయ్యి వణుకుతుంది. పాకీ పనిలో స్వాతంత్ర్యం వుందని నేను అంటున్నట్టు ఎవరైనా చదువుకుంటారేమో. అలా అనడంలేదు. పని మాన్పించినవాళ్లు ఆ సంపాదనకు బదులు ఏమిచ్చారని అడుగుతున్నాను.

సరే, ఆమే శిక్షణకు వెళ్దామనుకుంది. ఎక్కడికి వెళ్తుంది? 1979లో మొదలై ఇరవై ఏళ్లు నడిచిన ట్రైసెమ్ పద్దెనిమిది నుంచి ముప్ఫై అయిదేళ్లవాళ్లకు. 2014లో వచ్చిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన పదిహేను నుంచి ముప్ఫై అయిదు దాకా. అందులో ఆడవాళ్లకూ, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకూ, పాకీ పని చేసినవాళ్లకూ ప్రత్యేకంగా సడలింపు ఇచ్చారు. సడలించి ఎంత చేశారు? నలభై అయిదు. ఎస్సీలకు, సఫాయి కార్మికులకు అని ప్రత్యేకంగా 2020-21లో తెచ్చిన పీఎం-దక్ష్ పద్దెనిమిది నుంచి నలభై అయిదు దాకా. ‘సడలింపు’ కూడా నలభై అయిదు దగ్గర ఆగిపోతుంది. పాకీ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లనీ, పెళ్లయి అత్తగారింటికి వచ్చాక అత్త చేతి తట్ట కోడలి చేతికి వస్తుందనీ, ఆ కోడలు అత్త అయ్యేదాకా మోస్తుందనీ అందరికీ తెలుసు. ఆమె పని మానే వయసుకు, ప్రభుత్వం శిక్షణ ఇచ్చే వయసు అయిపోతుంది. మన భాషలో శిక్షకూ శిక్షణకూ ఒక్క అక్షరమే తేడా. ఆమెకు మొదటిది నిండా దొరికింది.

వయసు నిబంధన తీసేసినా చిక్కు తీరదు. ఈ పథకాలన్నీ ఒక అబద్ధం మీద నిలబడ్డాయి. పేదరికానికి కారణం నైపుణ్యం లేకపోవడం అన్నదే ఆ అబద్ధం. 1936లో లాహోరు సభ కోసం రాసి, ఆ సభ రద్దయ్యాక సొంతంగా అచ్చు వేయించిన ప్రసంగంలో అంబేద్కర్ ఈ విషయం తేల్చేశారు. పరిశ్రమ నిలకడగా వుండదు, ఒక వృత్తి పడిపోతే మనిషి ఇంకో వృత్తికి మారగలగాలి, కులం ఆ మార్పును అడ్డుకుంటుంది గనక నిరుద్యోగానికి కులమే నేరుగా కారణమవుతుంది అని ఆయన వాదం. ఇవాళ మనం ‘రీట్రైనింగ్’ అంటున్నదాని గురించి ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. అడ్డం పడుతున్నది చేతకానితనం కాదు. ఆ చేతి నుంచి వచ్చిన సరుకు కొనని మనుషులు.

గేదె సంగతే తీసుకోండి. పాలు పితకడానికి శిక్షణ ఎందుకు? పల్లెలో పుట్టిన ఏ దళిత స్త్రీకి రాదు? పదకొండు రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన అంటరానితనం సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో దాదాపు 47 శాతం చోట్ల దళితుల్ని పాలు పొయ్యనివ్వడంలేదని అందులో తేలింది. నాలుగో వంతు చోట్ల కొననివ్వడం కూడా లేదు. ఇది దళితులందరి సంగతి. ఇక నిన్నటిదాకా పాయఖానా ఎత్తిన మనిషి పాలు ఎవరు పోయించుకుంటారు? అయినా గేదె మీద అప్పు మంజూరవుతుంది. పాలు అమ్ముడుపోవు, గేదె అమ్ముడుపోతుంది, బ్యాంకు నోటీసు వస్తుంది. అప్పుడు ఆఫీసులో అంటారు, ‘వీళ్లకి ఏమిచ్చినా అమ్ముకుంటారండీ’ అని.

నైపుణ్యం లేదనే మాట ఇంకో రకంగా కూడా అబద్ధం. రెల్లివాళ్లు పళ్ల వ్యాపారం తరతరాలుగా చేస్తున్నవాళ్లు. బుట్ట, తక్కెడ, బేరం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కావలసింది బజార్లో నిలబడే చోటు, పోలీసు వచ్చి బుట్ట తన్నకుండా వుండే హామీ. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పాకీ పని మానిన ప్రతి మనిషికీ ఆ చట్టం కింద నాలుగడుగుల చోటు రాసి ఇవ్వాలని పునరావాస పథకంలో ఒక్క వాక్యం వుంటే అది ఆరు నెలల కుట్టు క్లాసు కన్నా విలువైనది. ఆ వాక్యం లేదు. చోటు ఇవ్వడమంటే ఊరి మధ్యలో ఇవ్వాలి. మిషనైతే పేటలోనే వుంటుంది.

ఇక స్వచ్ఛంద సంస్థల సంగతి. అందర్నీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. రాజస్థాన్‌లోని ఆల్వార్‌లో సులభ్ సంస్థ 2003లో ‘నయీ దిశ’ అనే కేంద్రం పెట్టి పాకీ పని చేసే ఆడవాళ్లకు అప్పడాలు, పచ్చళ్లు, కుట్టుపని నేర్పింది. 2008లో వాళ్లలో కొందరిని న్యూయార్కు తీసుకెళ్లి ఐక్యరాజ్యసమితి భవనంలో మోడళ్లతో కలిసి నడిపించారు. 2020లో వాళ్లలో ఉషా చౌమర్‌కు పద్మశ్రీ వచ్చింది. ఆ నడకను చూసి నవ్వుకున్న మన మిత్రులున్నారు. నేను నవ్వను. ఎన్నడూ ఎవరూ కళ్లెత్తి చూడని మనిషి అంతమంది ముందు తలెత్తి నడవడం చిన్న విషయమేమీ కాదు. నా పేచీ వేరే. ఆల్వార్ ఎందుకు నిలబడిందో చూడండి. అక్కడ నెల నెలా స్టైపెండ్ వుంది. అప్పడం తయారుచేసిన మనిషి ఒంటరిగా బజార్లో నిలబడలేదు, వెనక ఒక పెద్ద సంస్థ, దాని పేరు వుంది. అంటే అక్కడ పని చేసింది స్వయం ఉపాధి కాదు, జీతం లాంటిది. దాని నుంచి ప్రభుత్వాలు నేర్చుకున్నది మాత్రం అప్పడం. జీతాన్ని వదిలేశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అలాంటి కార్యక్రమాల్లో ఆమె ఎప్పుడూ కృతజ్ఞత చెప్పే స్థానంలోనే వుంటుంది. వేదిక మీద ఒక పెద్దమనిషి వుంటాడు, ఆమె చేత పూలదండ వేయిస్తారు. హక్కుగా రావలసింది దానంగా వచ్చినప్పుడు బాకీ తల్లకిందులవుతుంది. సమాజం ఆమెకు పడ్డ బాకీ పోయి, ఆమే సమాజానికి బాకీ పడుతుంది.

మన ఉద్యమాన్ని కూడా వదలకూడదు. తొంభైల నుంచి సఫాయి కర్మచారి ఆందోళన్, బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు చేసిన పని వల్లే ఈ సమస్య ఈ దేశానికి కనపడింది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది వాళ్లే, 2014 మార్చి 27 తీర్పు వచ్చింది ఆ కేసులోనే. ముందు తట్ట పడెయ్యండి, బేరం తర్వాత అన్నది వాళ్ల పంథా. అది సరైనదే, ఎందుకంటే పునరావాసం ఇచ్చాక మానమంటే ప్రభుత్వం ఎప్పటికీ ఇవ్వదు. కానీ తట్ట తగలబెట్టిన మర్నాడు పొద్దున్నే పొయ్యి మీదికి ఏముంది అనే ప్రశ్న వయసునుబట్టి మారుతుంది. పాతికేళ్ల అమ్మాయికి కాలం వుంది. యాభై ఏళ్ల ఆమెకు మర్నాడే కావాలి. సభల్లో మనం పాతికేళ్ల అమ్మాయి చేత మాట్లాడించాం. ఆ ఫొటోలే మన పత్రికల్లోనూ వేసుకున్నాం.

మరి యాభై ఏళ్ల ఆమెకు నికరమైన ఉపాధి ఏది? ఈ దేశంలో నికరమైన ఉపాధి అంటే మస్టర్‌లో పేరు, నెల జీతం, చివర్న పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తలుపు ఎప్పుడు మూసుకుందో తేదీతో సహా చెప్పొచ్చు. పాకీ పనిని నిషేధించే మొదటి చట్టానికి 1993 జూన్ 5న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ చట్టం కావాలని తీర్మానం చేసి పంపిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే సంవత్సరం నవంబరు 25ను గీతగా పెట్టి, ఆ రోజుకు అయిదేళ్ల సర్వీసు నిండిన దినకూలీలనే పర్మనెంటు చేస్తామని 1994లో జీవో 212 వచ్చింది. తాత్కాలిక నియామకాలను కట్టేసే చట్టం కూడా ఆ తేదీ నుంచే. ఇళ్లల్లో పాయఖానాలు ఎత్తిన ఆడవాళ్లకు ఆ అయిదేళ్లు లేవా? పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు వున్నాయి. ఏ మస్టర్‌లోనూ లేవు, అంతే. అలా ఒక చేత్తో పని మాన్పించి ఇంకో చేత్తో మునిసిపాలిటీ గేటు వేశారు. మన కమ్యూనిస్టు మిత్రుల యూనియన్లు మునిసిపల్ కార్మికుల కోసం గట్టిగా పోరాడాయి, ఇప్పటికీ పోరాడుతున్నాయి. 2023 డిసెంబరు చివర మొదలై సంక్రాంతి దాకా సాగిన సమ్మె కూడా పర్మనెంటు కోసమే. కానీ మస్టర్‌లో లేని ఇంటి పాకీ మనిషి వాళ్ల సభ్యత్వ పుస్తకంలో కూడా లేదు.

ఒక మంచి అవకాశం వచ్చి జారిపోయింది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకాల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆలోచించండి. వంటకు శిక్షణ అక్కర్లేదు, వయసు అడ్డం కాదు, సరుకు కొనేవాళ్లను వెతుక్కోనక్కర్లేదు. పైగా ఆమె చేతి అన్నం ఊరి పిల్లలందరూ తింటారు. కులానికి తగిలే దెబ్బ అలా వుంటుంది. కానీ కేంద్రం దాన్ని ఉద్యోగం అనలేదు. 2009 నుంచి గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు అన్నది. పైన రాష్ట్రాలు కొంత కలిపితే కలిపాయి. గౌరవం వున్న చోట వేతనం లేకుండా చేశారు.

2023-24 నుంచి పాత పథకం స్థానంలో ‘నమస్తే’ వచ్చింది. మూడేళ్లకు 349 కోట్ల 73 లక్షలు. మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగే కార్మికుల లెక్క, రక్షణ కిట్లు, ఆరోగ్య కార్డులు, ట్యాంకులు శుభ్రం చేసే బండ్లు కొనుక్కోవడానికి సబ్సిడీ. మ్యాన్‌హోళ్లలో చచ్చిపోతున్న మన మగవాళ్ల ప్రాణాలు నిలబడితే అంతకన్నా కావలసిందేముంది. అయితే గమనించాల్సింది, దృష్టి ఆడవాళ్ల మీద నుంచి మగవాళ్ల మీదికి, పని వదలడం మీద నుంచి అదే పనిని యంత్రంతో చేయడం మీదికి మారింది. పాయఖానా ఎత్తిన ఆడవాళ్ల అధ్యాయం ముగిసిందని అనుకున్నట్టుంది.

ముగియలేదని చూపించడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితా చాలు. మామూలు వృద్ధాప్య పింఛను అరవైకి. నేతపని చేసినవాళ్లకు యాభైకే వస్తుంది. కల్లుగీత కార్మికులకు యాభై. మత్స్యకారులకు యాభై. డప్పు కళాకారులకు యాభై. చెప్పులు కుట్టేవాళ్లకు నలభైకే. ఇవి పోరాడి సాధించుకున్నవి, న్యాయమైనవి. కొన్ని పనులు మనిషిని పదేళ్లు ముందుగానే ముసలివాణ్ణి చేస్తాయని ప్రభుత్వం ఈ జాబితాలో ఒప్పుకుంది. మగ్గం గుంటలో కూర్చున్న కాళ్లు, తాడిచెట్టు ఎక్కిన ఛాతీ దానికి తెలుసు. నెత్తి మీద తట్ట మోసిన మెడ మాత్రం ఆ జాబితాలో లేదు. యాభై ఏళ్లకు నేతన్నకు పింఛనట, పాకీ మనిషికి ట్రైనింగట.

దళిత సంఘాలుగా మనం అడగవలసింది ఇదని నా అభిప్రాయం. సర్వేలో పేరున్నా, 40 వేలు ముట్టినా, ఒకప్పుడు ఈ పని చేసిందని పేట మనుషులు సాక్ష్యం చెప్పినా చాలు, నలభై అయిదు దాటిన ప్రతి మనిషికీ పింఛను. పని చేయగలిగినవాళ్లకు బడిలో, హాస్టల్లో, ఆస్పత్రి వంటశాలలో మస్టర్ ఉద్యోగం, చీపురు పట్టించకుండా. శిక్షణ కోరుకున్నవాళ్లకే శిక్షణ. 2014 తీర్పులో సుప్రీంకోర్టు కూడా ఉపాధి ఎంచుకోవడం ఆ ఆడవాళ్ల ఇష్టానికే వదలాలన్నది. దీని మీద మన మధ్య చర్చ జరగాలి. పింఛను అడిగితే జనాన్ని ప్రభుత్వం మీద ఆధారపడేలా చేస్తున్నామనే మిత్రులున్నారని తెలుసు. గుమాస్తా రిటైరై పింఛను తీసుకుంటే ఆధారపడడం అని మనం ఎప్పుడూ అనలేదు.

రెల్లి పేటలో ఆ రోజు లేచి వచ్చే ముందు ఆవిణ్ణి ఇంకో మాట అడిగాను. అరవై దాటాక పింఛను వస్తోంది సరే, మిషను ఇచ్చిన దగ్గర్నుంచి అప్పటిదాకా పదేళ్లు ఎలా గడిచాయమ్మా అని. మిషను మీది చీర సర్దుతూ చెప్పింది. ‘రోడ్లు తుడిసినాను బాబూ, కాంట్రాటరు కాడ. అక్కడికి ట్రైనింగు అడగనేదు.’